కాపలాకొచ్చిన ఫౌజు

గుర్రం ముందుకు కదలడం లేదు. నాలుగు దిక్కులా మనుషులే. కళ్ళెం ఒకడి చేతిలో ఉంది, రికాబు ఇంకొకడు పట్టుకు గుంజుతున్నాడు. చెమట వాసన, తుపాకి మందు వాసన, వేల కాళ్ళు తొక్కగా లేచిన దుమ్ము. జీతాలేవీ అన్న కేక ఒక్కటే వరుస నుంచి వరుసకు పాకుతోంది. ఇంగ్లీషు కంపెనీ కెప్టెన్ జాన్ మాల్కంకు ఇరవై తొమ్మిదేళ్ళు. హైదరాబాదులో దిగి ఎన్నాళ్ళో కాలేదు. తన సేన ఎక్కడో దూరంగా ఉంది, చుట్టూ ఉన్నది ఫ్రెంచివాళ్ళు పెంచిన సేన. చేతులు పైపైకి వస్తున్నాయి.

1798 అక్టోబర్. దసరా వెళ్ళి ఇంకా రెండు మూడు రోజులే. మూసీ నదికి దక్షిణాన, ఇప్పుడు మలక్‌పేట, మూసారాంబాగ్ అని పిలుస్తున్న వైపు ఫ్రెంచి దండు విడిది. లెక్కలో ఉన్న సిపాయిలు పద్నాలుగు వేల దాకా. ఫిరంగులు, మందుగుండు కొట్లు, ఆయుధశాల అన్నీ అక్కడే. వీళ్ళను నడిపే కమాండర్ పిరాన్ ఇప్పుడు తన సిపాయిల చేతుల్లోనే ఖైదీ. కోపంలో ఉన్నవాళ్ళకు నచ్చజెప్పి రమ్మని మాల్కంను పంపారు. వచ్చిన పని మొదలవ్వక ముందే అతనూ ఖైదీ అయ్యేలా ఉన్నాడు.

ఏడు నెలల ముందైతే ఈ విడిదిలో ఇలాంటి అల్లరి ఎవరి ఊహకూ అందేది కాదు. అప్పుడు రేమండ్ ఉన్నాడు.

ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టి, వ్యాపారం చేసుకుందామని ఇరవై ఏళ్ళ వయసులో దక్షిణానికి వచ్చి, మైసూరు కొలువు చూసి, చివరికి 1786లో రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ దగ్గర చేరి, కొద్దిమంది మనుషులతో మొదలుపెట్టి, నగరంలోనే ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టించి, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు యూరపు కవాతు నేర్పించి, పన్నెండేళ్ళలో దక్కనులోనే పేరున్న పటాలాన్ని తయారుచేసిన మనిషి అతను. ముస్లింలు మూసా రహీం అన్నారు. హిందువులు మూసా రాం అన్నారు. ఆ కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీగా ఇప్పటికీ సిటీ బస్సుల మీద కనిపిస్తుంది.

నిజాంకు అతని మీద అంత గురి కుదరడానికి ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలు కమ్ముకొచ్చినప్పుడు, తన ఖర్చుతోనే ఉన్న రెండు ఇంగ్లీషు పటాలాలు కదల్లేదు. మరాఠాలతో పోరు మాకొద్దని కలకత్తాలో గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ ముందే తేల్చేశాడు. నిజాం ఓడిపోయాడు. భూములు వదులుకున్నాడు, కోట్లలో కప్పం ఒప్పుకున్నాడు, తన దివాన్ అరస్తు జాను మరాఠాలకు బందీగా అప్పగించాడు. నగరానికి తిరిగొచ్చి ఇంగ్లీషు పటాలాలను వెళ్ళిపొమ్మన్నాడు. అదే ఏడాది కొడుకు ఆలీ జా తిరగబడితే, వెంటపడి పట్టుకొచ్చింది రేమండే.

1798 మార్చి 25న ఆ రేమండ్ చనిపోయాడు. వయసు నలభై పైచిలుకు. విషం పెట్టారన్న పుకారు బజారంతా తిరిగింది. కొండమీద సమాధి లేచింది. సేన మాత్రం అలాగే ఉంది, ఫ్రెంచి విప్లవపు మూడు రంగుల జెండా అలాగే ఎగురుతోంది. దాన్ని దించి తీరాలనుకున్న మనిషి ఆ రోజుకింకా హిందూ మహాసముద్రం మీద ఓడలో ఉన్నాడు.

అతని పేరు రిచర్డ్ వెల్లస్లీ, లార్డ్ మార్నింగ్టన్. ముప్పై ఏడేళ్ళకే గవర్నర్ జనరల్ పదవి. తొవ్వలో ఆఫ్రికా కొసన, కేప్‌లో ఓడ ఆగింది. ఒంట్లో బాగోలేక గాలి మార్పు కోసం హైదరాబాదు నుంచి అక్కడికి వచ్చిన కంపెనీ రాయబారి, రెసిడెంట్ విలియం కిర్క్‌పాట్రిక్ కలిశాడు. మార్నింగ్టన్ ప్రశ్నలు రాసిచ్చాడు. కిర్క్‌పాట్రిక్ జవాబులు రాసిచ్చాడు. నిజాం దగ్గర ఫ్రెంచి ఆఫీసర్లు ఎందరు, ఫిరంగులు ఎన్ని, జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది, టిప్పు సుల్తానుతో పొత్తు కుదిరితే ఏమవుతుంది. మద్రాసులో దిగేసరికే అతని మనసులో హైదరాబాదు పటం గీసి ఉంది. ఇక కావలసింది ఒక సాకు.

జూన్ 8న అది కలకత్తా పత్రికలో అచ్చయింది. మారిషస్ ద్వీపపు ఫ్రెంచి గవర్నర్ మలార్టిక్ జనవరిలో వేసిన ప్రకటన: టిప్పు ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధానికి సిద్ధంగా ఉన్నాడు, వాలంటీర్లు రండి. వచ్చినవాళ్ళు వందమంది కూడా లేరు. మార్నింగ్టన్‌కు ఆ వందే చాలు. శ్రీరంగపట్నం మీదికి పోవాలి. పోయేముందు వెన్ను వెనక ఫ్రెంచి కత్తి ఉండకూడదు. జూలైలో హైదరాబాదుకు ఆదేశం బయల్దేరింది.

అది అందుకున్నవాడు విలియం తమ్ముడు, అన్న బదులు రెసిడెంటు పని చూస్తున్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ముప్పై నాలుగేళ్ళు. పారశీకం మాట్లాడతాడు, హిందుస్తానీ మాట్లాడతాడు, మొగలాయి దుస్తులు వేస్తాడు, హుక్కా పీలుస్తాడు. దర్బారులో ఎవరి ముందు ఎంత వంగాలో, ఎవరి గుమాస్తాను ముందు పలకరించాలో తెలిసినవాడు. హష్మత్ జంగ్ అని నిజాం బిరుదిచ్చాడు. అవతల కూచున్నది అరస్తు జా. పుణెలో రెండేళ్ళు బందీగా గడిపి 1797లో తిరిగొచ్చిన దివాన్. మరాఠాల పేరు చెబితే ఇంకా నిద్ర పట్టనివాడు. ఫ్రెంచి ఆఫీసర్లు తనకంటే బలవంతులవుతున్నారన్న గుబులూ ఉంది. కిర్క్‌పాట్రిక్ ఆ రెండు భయాల మీదే వేలు పెట్టాడు.

బేరం సాగింది. కంపెనీ సిపాయిలు ఆరు వేల మంది వచ్చి శాశ్వతంగా నిజాం రాజ్యంలో ఉంటారు. వాళ్ళ ఫిరంగులు, వాళ్ళ ఆఫీసర్లు. ఖర్చు నిజాంది: ఏడాదికి 24,17,100 రూపాయలు. ఫ్రెంచివాళ్ళందరినీ కొలువు నుంచి తీసేయాలి. పీష్వాతో తగువొస్తే మధ్యవర్తి కంపెనీయే. కాగితం సిద్ధమైంది. ముసలి నిజాం ముందుకు వచ్చింది. అరవై నాలుగేళ్ళు, పక్షవాతంతో దెబ్బతిన్న ఒళ్ళు. ముద్ర పడాలి.

కాపలా సేన పెట్టి దాని జీతం రాజు చేతే కట్టించే ఈ పాచిక అసలు ఇంగ్లీషువాళ్ళది కూడా కాదు. తెలుగు నేల మీద దీన్ని మొదట వేసింది ఫ్రెంచివాళ్ళే. 1751లో సలాబత్ జంగ్‌ను నిజాం మసనదు ఎక్కించడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో వచ్చాడు. వచ్చినవాడు వెళ్ళలేదు. సేన జీతాలకని 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు రాయించుకున్నాడు. శిస్తు వసూలుకు ఆ సేనే తీరం వెంబడి కదిలింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట తగలబడింది ఆ దండయాత్రలోనే. ఇంకా వెనక్కి పోతే గ్రీసు. పర్షియా భయంతో ఏథెన్స్ చుట్టూ చేరిన చిన్న రాజ్యాలు కొన్ని ఓడలివ్వడం బరువై డబ్బు కడతామన్నాయి. ఏథెన్స్ సరేనంది. ఆ డబ్బుతో తన ఓడలే కట్టుకుంది. నాక్సస్ దీవి పొత్తు నుంచి తప్పుకోబోతే, తాను కూడా చందా వేసిన నౌకాదళమే వచ్చి చుట్టుముట్టింది. క్రీస్తుపూర్వం 454లో అందరి ఖజానా డెలోస్ దీవి నుంచి ఏథెన్స్‌కే తరలిపోయింది. ఇవేవీ దర్బారులో ఎవరూ తలుచుకోలేదు. తలుచుకున్నా, ఖర్డా గాయం కళ్ళముందే ఉంది.

సెప్టెంబర్ 1, శనివారం. ముద్ర పడింది.

ఇక పరుగు పందెం. గుంటూరు సీమలో పోగైన నాలుగు కంపెనీ పటాలాలు లెఫ్టినెంట్ కల్నల్ రాబర్ట్స్ వెంట పడమరకు తిరిగాయి. ఎడ్ల బండ్లు, మందు పీపాలు, ఫిరంగి చక్రాలు, వంట బానలు, వెనక బజారు జనం, అందరూ కలిసి నల్లరేగడి దాటి, రాతి బోళ్ళు దాటి, చేల గట్ల మీదుగా, ఊళ్ళ పొలిమేరల మీదుగా ఒకటే నడక. అక్టోబర్ 10న హైదరాబాదు చేరారు. అక్కడ కల్నల్ హిండ్‌మన్ కింద రెండు పటాలాలు ముందే ఉన్నాయి. మొత్తం ఆరు. ఎదురుగా ఫ్రెంచి దండు దానికి రెట్టింపు పైనే. సిపాయి రంగు ఒకటే, కవాతు ఒకటే, కొందరి ఊళ్ళు కూడా ఒకటే. జెండాలు వేరు. రెండు సేనలకూ జీతం ఇచ్చే చెయ్యి మాత్రం నిజాందే.

ఆ చెయ్యి ఇప్పుడు వణికింది. ఫ్రెంచివాళ్ళను తీసేస్తూ ఫర్మానా రాయాల్సిన రోజు దాటిపోయింది. ఇంకో రోజు దాటింది. అరస్తు జా మాట తప్పిస్తున్నాడు. ఫ్రెంచివాళ్ళు తిరగబడితే నగరం ఏమవుతుంది, కొట్లాట మొదలయ్యాక మరాఠాలు దిగితే ఎవరు అడ్డం, ఇంకొన్నాళ్ళు ఆగితే ఏం పోయింది. మూడు రంగుల జెండా ఎప్పట్లానే ఎగురుతోంది. ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటుంది: ఈజిప్టులో నెపోలియన్ దిగాడు. అక్కణ్ణుంచి హిందూదేశం ఎంత దూరమని అందరూ లెక్కలేస్తున్నారు. ఆగస్టు 1న నైలు నది మూతి దగ్గర అతని నౌకాదళాన్ని ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ ముంచేశాడన్న కబురు అక్టోబర్ నెలాఖరుకు గానీ కలకత్తా చేరలేదు. అప్పటికే మునిగిపోయిన ఓడల నీడకు జడిసి హైదరాబాదు తన నిర్ణయం తీసుకోబోతోంది.

అదే రోజుల్లో, ఉత్తరాన, మానేరు ఒడ్డున దసరా జమ్మి ఇంకా వాడలేదు. ఇప్పుడు మధ్యమానేరు జలాశయం నిలిచిన మాన్వాడ, దాని చుట్టూ బోయినపల్లి పల్లెలు, తూర్పున ఎలగందుల కోట, వీటన్నిటి శిస్తూ చేరేది నిజాం ఖజానాకే. జొన్న చేలు కంకి పోసుకునే వేళ. వసూలుకు వచ్చేవాడి గుర్రం గిట్టల చప్పుడు తెలుసు గానీ, ఆ రూపాయి చివరికి ఏ జెండా కిందికి పోతుందో ఆ చేనిగట్టు మీద నిలబడిన మనిషికి తెలిసే తొవ్వ లేదు. ఇంకా ఉత్తరాన జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోట. చుట్టూ కందకం, ఫిరంగి దెబ్బ ఒక్క మూల మీద పడకుండా ముందుకు పొడుచుకొచ్చిన కోణాలు. ఎలగందుల ఏలిక ఇబ్రహీం ఖాన్ ధంసా దాన్ని ఫ్రెంచి ఇంజనీర్ల చేత 1747 ప్రాంతంలో కట్టించాడని చెబుతారు. వంద మైళ్ళ అవతలి పల్లెసీమ దాకా పాకిన ఫ్రెంచి పలుకుబడికి ఆ రాళ్ళు సాక్ష్యం. ఏ ఫిరంగి వచ్చినా తట్టుకోవాలని కట్టిన గోడలు. హైదరాబాదులో వస్తున్నది ఫిరంగి కాదు, కాగితం.

కిర్క్‌పాట్రిక్ ఓపిక అయిపోయింది. మర్యాదలు పక్కనపెట్టి దివాన్‌కు కబురు పంపాడు. ఒప్పందం అమలు చేయకపోతే జరిగేదానికి పూచీ మీదే, ఫ్రెంచి విడిది మీదికి మా సేన తానే కదులుతుంది. రాబర్ట్స్ పటాలాలు విడిది వైపు జరిగాయి. రాత్రి దేవిడీలో దీపాలు ఆరలేదు. తెల్లారేసరికి అరస్తు జా ఒక వైపుకు ఒరిగాడు.

ఫర్మానా ఫ్రెంచి దండులో చదివారు. మీ యూరపు ఆఫీసర్లను కొలువు నుంచి తీసేశాం. వాళ్ళ మాట ఇక మీరు వినక్కర్లేదు. విన్నవాడు ద్రోహి. సిపాయిలు విన్నారు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరి బుర్రలోనూ ఒకటే ప్రశ్న పుట్టింది. ఆఫీసర్లు పోతే, బాకీపడ్డ జీతం ఎవరిస్తారు?

పిరాన్ ఇంటి మీదికి జనం వెళ్ళారు.

రేమండ్ ఉంటే ఎదురు నిలిచేవాడేమో. పిరాన్‌కు ఆ పట్టు లేదు. విప్లవం మీద వల్లమాలిన ప్రేమ ఉంది. ఉత్తరాదిలో సింధియా సేనను నడిపే పెరాన్‌కు వెండితో చేయించిన స్వేచ్ఛావృక్షాన్ని కానుకగా పంపినవాడు. అదే స్వేచ్ఛ సిపాయి నోటి నుంచి జీతం రూపంలో వచ్చేసరికి జవాబు లేకపోయింది. కొలువు పోయిన మాట అప్పటికే ఒప్పుకున్నాడు, గౌరవంగా వెళ్ళిపోతానన్నాడు. సిపాయిలు వెళ్ళనివ్వలేదు. ఆఫీసర్లను నిర్బంధించారు. ఆ కల్లోలంలోకే గుర్రం మీద మాల్కం వచ్చాడు.

చేతులు అతని కోటు పట్టుకున్నాయి. ఎవరో తుపాకి ఎత్తారు. అప్పుడు గుంపులోంచి ఒక సిపాయి మొహం మాల్కం మొహంలోకి చూసింది. ఇంకొకడు తోసుకుంటూ వచ్చాడు. మరొకడు. ఒకప్పుడు కంపెనీ సేనలో, మాల్కం పనిచేసిన 29వ పటాలంలో ఉండి, అక్కణ్ణుంచి పారిపోయి ఫ్రెంచి దండులో చేరినవాళ్ళు. పాత ఆఫీసరు చేసిన మేలు వాళ్ళు మరిచిపోలేదు. చుట్టూ గోడకట్టి నిలబడి, కెప్టెన్‌ను అమాంతం గుంపు తలల మీదికి ఎత్తి, చేతి మీద చేతిగా బయటికి దాటించారు. దక్కనులో ఎవరు ఎవరి మీద స్వారీ చేయాలో తేలబోతున్న ఆ పూట, ఒక సామ్రాజ్యపు ప్రతినిధి ప్రాణం పటాలం వదిలి పారిపోయిన నలుగురైదుగురు సిపాయిల భుజాల మీద నిలిచింది.

మాల్కం తిరిగొచ్చి చెప్పింది క్లుప్తం. దండుకు తల లేదు. ఫ్రెంచివాళ్ళకు సిపాయిల భయం, సిపాయిలకు రేపటి భయం. కొట్టాలంటే ఇప్పుడే.

పున్నమికి ఇంకా రెండు రోజులుంది. వెన్నెల్లో విడిది తెల్లగా కనిపిస్తోంది. ఆ రాత్రి ఫ్రెంచి ఆఫీసర్లు ఒక్కొక్కరే తప్పించుకుని, నిన్నటిదాకా శత్రువనుకున్న ఇంగ్లీషు శిబిరంలోనే తలదాచుకున్నారు. తెల్లవారుజామున చంద్రుడు పడమట వాలాడు. మూసీ మీద మంచు. ఆ మంచులో ఫిరంగి చక్రాలు కదులుతున్నాయి.

అక్టోబర్ 22, సోమవారం. పొద్దు పొడిచేసరికి ఫ్రెంచి విడిది ముందు రాబర్ట్స్ నాలుగు పటాలాలు బారులు తీరాయి. వెనక వైపు, నది అవతలి ఒడ్డున, మందుగుండు కొట్లకు సూటిగా గురిపెట్టిన హిండ్‌మన్ ఫిరంగులు. పక్కల్లో నిజాం సవార్లు, వాళ్ళ మధ్య మాల్కం. విడిదికి కుడివైపు అర మైలు దూరంలో నిజాం సర్దారు ఒకడు కౌలు జెండా పాతించాడు. ఆ జెండా కిందికి చేరినవాడికి ప్రాణభయం లేదు. సిపాయిలకు కబురు వెళ్ళింది. తుపాకులు కింద కుప్పపోసి జెండా దగ్గరికి నడవండి. గడువు పావుగంట.

నదికి ఉత్తరాన రెసిడెన్సీ మిద్దె మీద కిర్క్‌పాట్రిక్ టెలిస్కోపు కంటికి పెట్టుకున్నాడు. నిన్న రాత్రి నిద్ర లేదు. వారాల తరబడి దివాన్‌తో ఆడిన మాటలన్నీ ఇప్పుడు ఆ గాజు బిళ్ళలో గుండ్రంగా ఇరుక్కున్నాయి. దండు కదల్లేదు. ఐదు నిమిషాలు. ఒక్క కుర్రాడి వేలు తొందరపడితే చాలు, వేల తుపాకులు ఒకేసారి లేస్తాయి, నగరం మధ్య నెత్తురు పారుతుంది, మైసూరు దండయాత్ర మొదలుకాకముందే ముగుస్తుంది. పది నిమిషాలు. కుడి వరుసలో ఏదో కదిలింది.

ఒకడు తుపాకి కింద పెట్టాడు.

పక్కవాడు పెట్టాడు. ఆ పక్కవాడు. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు వరుస వెంట పరుగెత్తింది. ఆయుధాలు వదిలి, వట్టి చేతులతో, కొందరు తల వంచుకుని, కొందరు బాకీ జీతం గురించి ఇంకా గొణుక్కుంటూ, కౌలు జెండా వైపు నడిచారు. గంటల్లో ఫిరంగులు, మందుగుండు, ఆయుధశాల కంపెనీ చేతికొచ్చాయి. పొద్దుగూకేసరికి రేమండ్ పన్నెండేళ్ళ కష్టం లేదు. ఒక్క తూటా పేలలేదు. కలకత్తాకు కబురు తీసుకుని సవార్లు బయల్దేరారు.

పిరాన్‌నూ మిగతా ఫ్రెంచివాళ్ళనూ కంపెనీ మర్యాదగా చూసింది. వాళ్ళ సొమ్ము వాళ్ళకిప్పించి కలకత్తా మీదుగా యూరపుకు పంపింది. వాళ్ళ పట్ల కోపమేమీ లేదు. వాళ్ళు ఉన్న చోటు మాత్రమే కావాలి.

ఆ చోటులో ఇప్పుడు కంపెనీ కూచుంది. తేడా మొదటి నెలలోనే తెలిసింది. రేమండ్ నిజాం జీతం తీసుకుని నిజాం ఆజ్ఞ వినేవాడు. ఆలీ జాను పట్టుకురమ్మంటే పట్టుకొచ్చాడు. కొత్త సేన జీతం నిజాం దగ్గర తీసుకుంటుంది, ఆజ్ఞ కలకత్తా దగ్గర. 1799లో దాన్ని మైసూరు మీదికి నడిపించిందీ కలకత్తాయే. మే 4న శ్రీరంగపట్నం పడింది, టిప్పు చనిపోయాడు. గెలుపులో నిజాంకు భూములొచ్చాయి. వాటిని అతను లెక్కపెట్టుకునేలోపే కొత్త కాగితం వచ్చింది.

1800 అక్టోబర్ 12. సేన పెరగాలి, ఖర్చూ పెరగాలి, ఏటా నగదు వసూలు కష్టమవుతోంది కాబట్టి భూమే ఇచ్చేస్తే సరి. మైసూరు యుద్ధాల్లో తనకు దక్కిన బళ్ళారి, అనంతపురం, కడప సీమలను నిజాం అలీ ఖాన్ తన కాపలాకు వచ్చిన సేన జీతం కింద కంపెనీకి రాసిచ్చాడు. జనం వాటిని దత్తమండలాలన్నారు. ఇప్పటి రాయలసీమలో చాలాభాగం అదే. పరాయి రాజ్యాలతో కంపెనీకి తెలియకుండా మంతనాలు జరపననీ అదే కాగితంలో ఒప్పుకున్నాడు. మూడేళ్ళ తర్వాత ఆయన చనిపోయాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఆ సేన విడిది ఊరైంది, ఊరు పెరిగింది, కొత్త నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అయింది.

బోయినపల్లి పక్క పల్లెలు నిజాం దగ్గరే మిగిలాయి. మిగిలినవాళ్ళకే బిల్లు మిగిలింది. కంపెనీ ఆఫీసర్లు నడిపే ఇంకో సేన కంటింజెంటు పేరుతో వచ్చింది. దాని జీతాలూ నిజాం మీదే. ఖజానా ఖాళీ అయితే అప్పు, అప్పుకు వడ్డీ, వడ్డీకి మళ్ళీ శిస్తు. 1853లో బాకీ తీరలేదని పత్తి పండే బేరారును కంపెనీ పరిపాలన కిందికి తీసుకుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి ఏడాదికి 25 లక్షలకు దాన్ని శాశ్వత కౌలుగా మార్చాడు. రేమండ్ దండుకు ఇవ్వని జీతం కోసం మొదలైన అల్లరి ఒక్క రోజులో చల్లారింది. కొత్త సేన జీతాల లెక్క నూరేళ్ళయినా తెగలేదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ లెక్క తేల్చాలనుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు భారీగా డబ్బిచ్చాడు. 1918లో బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడన్న బిరుదు వచ్చింది. మిత్రుడైతే మిత్రుడిలాగే మాట్లాడదామనుకున్నాడు. బేరారు తిరిగివ్వండి, ఈ విషయంలో మీరూ నేనూ సమానస్థాయిలో కూచుని తేల్చుకుందాం అని 1925లో ఉత్తరం రాశాడు. 1798 నాటి కాగితాలు తిరగేస్తే అతని వాదనకు ఆధారం ఉంది. వాటిలో ఉన్నది రెండు రాజ్యాల మధ్య స్నేహం, రెండు ముద్రలు. జవాబు కోసం నిజాం నివాసం కింగ్ కోఠీ ఎదురుచూసింది.

1926 మార్చి 27న వైస్రాయ్ లార్డ్ రీడింగ్ సంతకంతో అది వచ్చింది. హిందూదేశంలో బ్రిటిష్ చక్రవర్తి అధికారమే సర్వోన్నతం. ఏ సంస్థానాధీశుడూ సమానస్థాయిలో సంప్రదింపులు కోరలేడు. ఆ అధికారానికి ఆధారం ఒప్పందాలు మాత్రమే కాదు, ఒప్పందాలతో నిమిత్తం లేకుండానే అది ఉంది. అంటే, సెప్టెంబర్ 1న ముసలి నిజాం వేసిన ముద్రను నూట ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత చూపించినా ఉపయోగం లేదు. సేనను లోపలికి రప్పించడానికి ఆ కాగితం కావలసి వచ్చింది. సేన స్థిరపడ్డాక కాగితంతో పని తీరిపోయింది. నమ్మకమైన మిత్రుడికి బేరారు రాలేదు. సికింద్రాబాదులో సేన ఉండిపోయింది.